బ్రెక్కె కొట్లో విషం కొనాలంటే

ఏమిటీ, ఎలుకల మందు అడిగితే ఇచ్చావు, అంతవరకు బానే ఉంది, డబ్బా చేతికిస్తే పుచ్చుకోకుండా ముసలాడు బల్ల ముందు నిటారుగా నిలబడి "గిఫ్ట్! పాయిజన్!" అని రెండు కేకలు పెట్టాడా? మతి పోయిందనుకున్నావా? అయ్యో నాయనా, మతి పోలేదు, ఏం పోలేదు. కూర్చో, కాఫీ పోస్తాను. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చో. నువ్వు ఆ షాపు కొని నెల కూడా కాలేదు, నీకెలా తెలుస్తుంది? ఈ ఊళ్ళో నా వయసు వాళ్ళెవరొచ్చి విషం కొన్నా అలాగే అరుస్తారు. నేనూ అరుస్తాను. అప్పట్లో ఆ షాపు పెట్టిన బ్రెక్కె అలవాటు చేసి పోయాడు. రెండు భాషల్లో పైకి చెబితే గాని డబ్బా మీంచి చెయ్యి తీసేవాడు కాదు. మా మామగారు చచ్చేదాకా నేర్చుకున్న ఇంగ్లీషు మాట అదొక్కటే. పాయిజన్. అదీ ఆయన నోట్లో "పోయిసెన్" అయ్యేది. "సరిగ్గా అనండి పెద్దాయనా" అనేవాడు బ్రెక్కె. "సరిగ్గా అన్నా అనకపోయినా చచ్చేది పొలంలో ఉడతలే కదరా" అనేవాడు మా మామగారు. అయినా ఇచ్చేవాడు కాదు. వెనకాల ఎంతమంది నిలబడ్డా సరే, అనాల్సిందే.

గిఫ్ట్ అంటే నీకు తెలిసింది ఒకటే అర్థం, కానుక అని. మా నార్వే వాళ్ళకి గిఫ్ట్ అంటే విషం. నవ్వకు, ఇంకా ఉంది. పెళ్ళయిందా అని అడగాలన్నా అదే మాట. విషానికీ పెళ్ళికీ కలిపి ఒకే మాట పెట్టుకున్న జాతి మాది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ పెళ్ళికెళ్ళినా ఆ జోకే వేసేవాడు, తనే నవ్వుకునేవాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, బ్రెక్కె. ఐవిన్ బ్రెక్కె. వాళ్ళ పొలమూ మా నాన్న పొలమూ పక్కపక్కనే. అందరిలాగే ఓడ దిగి వచ్చినవాళ్ళే. సర్కారు ఇచ్చే నూట అరవై ఎకరాలు, ఐదేళ్ళు అక్కడే ఉండి దున్నితే నీది, లేకపోతే లేదు. కర్రముక్క దొరకని చోటు కదా ఇది, పచ్చిక వేళ్ళతో సహా గడ్డలు గడ్డలుగా కోసి గోడలు పేర్చేవాళ్ళు. వానొస్తే పైకప్పు నుంచి బురద ఉడికే కుండలో పడేది. మా అమ్మ కుండ మీద గొడుగు పట్టుకుని వంట చేసేది. ఆ గొడుగు పెళ్ళికి పెట్టిన పట్టు గొడుగు. పాడైపోతుందని ఏడ్చేది, పట్టుకునేది.

అలాంటి మట్టింట్లోనే బ్రెక్కె చెల్లెలు పోయింది. లీనా అని, నాకంటే చిన్నది. దగ్గు. మంచు పడి దార్లన్నీ మూసుకుపోయాయి. అంతకుముందు బండి మీద సరుకులమ్ముకునే వాడెవడో రెండు సీసాలు అమ్మి పోయాడు, ఒకటి దగ్గుకి, ఒకటి మోకాళ్ళ నొప్పులకి పైన రాసుకోడానికి. సీసాల మీద రాసే ఉంది. ఇంగ్లీషులో. వాళ్ళమ్మకి బైబిలు అంతా చదవడం వచ్చు, పాటలు రాయడం వచ్చు, ఇంగ్లీషు ఒక్క మాట రాదు. ఇంకేం చెప్పను. ఐవిన్ పెద్దయ్యాక పొలం అన్నకొదిలేసి ఫార్గో పట్నం వెళ్ళి మందుల చదువు చదివి వచ్చాడు. నువ్విప్పుడున్న ఆ మూలే, అప్పుడది చెక్క షాపు, కిటికీలో రంగునీళ్ళ బుడ్లు రెండు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి సీసా మీదా, ప్రతి పొట్లం మీదా మా భాషలో రాసేవాడు. సర్కారు వాళ్ళు పెట్టమన్న ఇంగ్లీషు చీటీ, పుర్రె బొమ్మతో సహా, వెనకవైపు అంటించేవాడు. ముందు మాత్రం ఎర్ర సిరాతో, పెద్ద పెద్ద అక్షరాలతో, మాది. మా ముసలమ్మలు ఆ సీసాలు పట్టుకుని మురిసిపోయేవాళ్ళనుకో. "చూశావటే, నాకోసం రాశాడు" అని చర్చిలో ఒకళ్ళకొకళ్ళు చూపించుకునేవాళ్ళు. మందు తాగినా తాగకపోయినా సీసా దాచుకునేవాళ్ళు.

ఊళ్ళో అందరం మేమే. ఒక్క కీన్ వాళ్ళు తప్ప. కీన్ రైలు పట్టాల మేస్త్రీ, ఐరిష్ మనిషి. భార్యా, ఊనా అని ఒక్కతే పిల్ల, ఎర్ర జుట్టు, ముందు పళ్ళు లేవు. ఆ ఏడే బళ్ళో వేశారు. కొత్తగా చదవడం వచ్చింది కదా, గోడ కనిపిస్తే చదివేది, గోనెసంచీ కనిపిస్తే చదివేది. మా కమ్మరి కొట్టు ముందు నిలబడి బోర్డు కూడబలుక్కుని చదువుతుంటే అక్షరానికో నవ్వు నవ్వేది. చాలా ముద్దుగా ఉండేది నాయనా. సరే. వసంతం. మంచు కరిగింది, నేల ఉడతలు బొరియల్లోంచి బయటికొచ్చి చల్లిన గింజ చల్లినట్టే తినేస్తున్నాయి. వాటికి మందు నువ్వూ అమ్ముతావుగా. అప్పుడైతే గోధుమలకే విషం పట్టించి, అవి ఇష్టంగా తినాలని తీపి కలిపి, పొట్లాలు కట్టి అమ్మేవాడు. టోస్టెన్, అదే నిన్న నీ దగ్గరికొచ్చిన వాడి తండ్రి, ఓ పొట్లం కొని స్టేషను బల్ల మీద పెట్టి, ఎవరితోనో గుర్రాల గురించి గంట వాగి, పొట్లం మర్చిపోయి బండెక్కి వెళ్ళిపోయాడు.

పిల్లకి దొరికింది. తెల్ల కాగితం. బ్రెక్కె పిల్లలకి ఊరికే పంచిపెట్టే పిప్పరమెంట్లూ తెల్ల కాగితంలోనే కదా కట్టేవాడు. దాని మీద ఎర్రగా, పెద్దగా, నాలుగే అక్షరాలు, మా భాషకీ ఇంగ్లీషుకీ అక్షరాలు ఒకటే కదా. చదివేసింది. ఎవరి సాయం లేకుండా చదివేసింది. ఇంటికి పరుగెత్తి "అమ్మా, గిఫ్ట్ అట, చూడు!" అంది. వాళ్ళమ్మ పిండి పిసుకుతోంది. పిండి చేతులతో పొట్లం వెనక్కి తిప్పలేదు, ముందువైపు చూసి ఆవిడా అదే చదివింది. ఈస్టరు పండగ వస్తోంది కదా, షాపాయన పంపాడు కాబోలు అనుకుంది. "తిను తల్లీ" అంది. గోధుమలు నమిలి నమిలి బంకలా చేసుకోవడం ఈ వైపు పిల్లలందరికీ అలవాటే, నేనూ నమిలాను. తీపి గోధుమలు, ఇంకేం కావాలి? చేదు తగిలి ఊసేసింది గనక సరిపోయింది. మింగినవి మింగింది.

కబురు అందగానే బ్రెక్కె చేతిలో ఏముందో అది అలాగే వదిలేసి పరుగెత్తాడు. డాక్టరు ఉండే ఊరు బండి మీద ఒక పగటి దూరం. ఈయనే కడుపు కడిగాడు, మత్తుమందు వాసన చూపించాడు. బయటికొచ్చి ఒకటే మాట చెప్పాడు. చప్పుడు ఉండకూడదు. ఆ విషం ఎలాంటిదంటే తలుపు టక్కుమన్నా పిల్ల ఒళ్ళంతా విల్లులా వంగిపోతుంది, మళ్ళీ మళ్ళీ వంగితే ఊపిరి ఆగుతుంది. ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు, గొంతు పెంచకుండా. మా ఆయన ఎర్రగా కాలిన ఇనుము నీళ్ళలో ముంచబోయి, అది సుయ్యిమంటుందని దుమ్ములో పడేశాడు. ఇళ్ళల్లో గడ్డి అంతా తెచ్చి వీధిలో పరిచాం, బండి చక్రాలకి. కుక్కల్ని నేలమాళిగల్లో కట్టేశాం. కీన్ పట్టాల వెంట ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తాడు. రైలు కూత వెయ్యకుండా, మనిషి నడిచినట్టు నడిచి ఊరు దాటిపోయింది. మర్నాడు ఆదివారం. గంట కొట్టలేదు, పాట పాడలేదు. పాస్టరు పెదాలు కదిలిస్తుంటే మేమూ పెదాలు కదిలించాం. అంత గట్టిగా నేను ఎప్పుడూ ప్రార్థించలేదు.

బతికింది. ఆఁ, బతికింది, కంగారు పడకు.

తర్వాత బ్రెక్కె షాపుకి తాళం వేశాడు. మావాళ్ళు నలుగురు పెద్దలు పోగయి వెళ్ళారు. "నీ తప్పేముందయ్యా? నువ్వు రాయాల్సిందే రాశావు. మన మాట చదవడం రాకపోతే అది వాళ్ళ ఖర్మ" అన్నాడు టోస్టెన్, పొట్లం పారేసుకున్న మహానుభావుడు. బ్రెక్కె ఆయన వైపు తిరిగాడు. "మా అమ్మకి వాళ్ళ మాట చదవడం రాలేదు. మా అమ్మదీ ఖర్మేనా?" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని నడుచుకుంటూ పొలానికి వెళ్ళిపోయాడు. అన్న గుర్రాలు తీసుకుని దున్నడం మొదలుపెట్టాడు. మందులవాడి చేతులు, బొబ్బలెక్కిపోయాయి. ఇక మందు ముట్టనని అన్నతో చెప్పాడట. ఊళ్ళో ఒకళ్ళకి జ్వరం, ఒకళ్ళకి చీము, అడిగే దిక్కు లేదు.

గడ్డి మొలిచేనాటికి కీన్ వాళ్ళావిడ మా గుమ్మంలోకొచ్చింది, పిల్ల చెయ్యి పట్టుకుని. పిల్ల దగ్గుతోంది. "బండి కట్టండి" అంది. అంతే, ఇంకో మాట లేదు. పెళ్ళికి ముందు హోటల్లో పనిచేశాను గనక నాకు ఇంగ్లీషు వచ్చు, అందుకే నా దగ్గరికొచ్చింది. పొలం గట్టున బండి ఆపాను. ఆయన మమ్మల్ని చూసి నాగలి పట్టుకునే నిలబడిపోయాడు. ఆవిడే చేను మధ్యకి నడిచింది, మట్టిలో జోళ్ళు దిగబడుతుంటే. "నేను మిమ్మల్ని క్షమించడానికి రాలేదు, బ్రెక్కె గారూ. క్షమించానో లేదో నాకే తెలీదు. నా పిల్ల మీ ఊళ్ళోనే పెరగాలి. మీ మాటల్లో ఏది విషమో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. మీ బదులు ఇంకో మందులవాడొస్తే వాడికీ ఈ సంగతి తెలియాలంటే ఇంకో పిల్ల పడిపోవాలి" అంది. ఆయన నాగలి వదిలాడు. "నా చేతి మందు మీ పిల్ల తాగుతుందా?" అన్నాడు. "దాన్నే అడగండి" అంది.

ఇంట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, తేనె, ఉల్లిరసం, ఇంకేదో ఆకు కలిపి కాచి తెచ్చాడు. మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని చెంచా పట్టాడు. అందులో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పాడు, దాని భాషలోనూ మా భాషలోనూ. పిల్ల పెదాలు బిగించేసింది. వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ ఒక్క మాట అనదే! నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం లాక్కొచ్చి, తాగమని ఒక్క మాట చెప్పొచ్చు కదా అనుకున్నాను. నాకూ పిల్లలు పుట్టాక గాని అర్థం కాలేదు నాయనా. ఒకసారి తిను తల్లీ అని చెప్పింది కదా. ఇక ఆ మాట ఆవిడ నోటికి రావడంలేదు. అప్పుడు పిల్లే ఆ చెంచా ఆయన చేతిలోంచి తీసుకుని ఆయన నోటికే పెట్టింది. "ముందు నువ్వు" అంది. తాగాడు. పిల్ల ఆయన మొహం వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె లాక్కుని తనే ఒక చెంచా పోసుకుని తాగింది. పెదాలు నాక్కుని, ఇంకోటి పోసుకుంది.

వాళ్ళమ్మ అక్కడే, ఆ దున్నిన మట్టిలో, కూలబడిపోయింది.

ఊఁ. తర్వాత బ్రెక్కె షాపు తాళం తీశాడు, ఆ రెండు కేకలూ అప్పట్నుంచే. ఆ కిటికీ వెయ్యి నాయనా, దుమ్మొస్తోంది.