తిట్టందే స్టేజీ ఎక్కడు

పారిస్ పొలిమేరలో మోంత్రాయ్. పశ్చిమాఫ్రికా వాళ్ళందరి ఐక్యతా పండుగ. స్టేజీ వెనక దుస్తుల గది, మూసిన తలుపు. లోపల మాలీ దేశపు జెంబే డోలు మేష్టారు జుమానా త్రావొరే. బయట కమిటీ కార్యదర్శి కుంబా.

“...అది కాదు బాబాయ్, ఇప్పుడు పోస్టర్ మళ్ళీ అచ్చేయించడానికి టైమెక్కడుంది? అరగంటలో తెర లేస్తుంది!”

“లేవనీ. తెర లేస్తుంది, నేను లేవను.”

“హాలు నిండిపోయింది బాబాయ్! మాలీ వాళ్ళు, గినీ వాళ్ళు, సెనెగల్ వాళ్ళు, ఐవరీకోస్ట్ వాళ్ళు... మెట్ల మీద కూడా కూర్చున్నారు. మీ జెంబే మోగందే గినీ పిల్లలు కాలు కదపరు. ఐక్యతా పండుగని పేరు పెట్టుకుని...”

“ఐక్యత! పోస్టర్ మీద ఎవరి పేరు పెద్దగా ఉందో చెప్పు.”

“...ఎన్‌జాయ్ జట్టుది.”

“ముగింపు ఎవరిది?”

“వాళ్ళదే. సెనెగల్ సబర్ డోళ్ళు.”

“మరింకేం, ఎంజాయ్ చెయ్యండి! ఇరవై రెండేళ్ళుగా ముగింపు నాది. ఎవడో నిన్నగాక మొన్న లియాన్ నుంచి ఊడిపడ్డాడు, మూతి మీద మీసం మొలిచిందో లేదో!”

“మీరసలు ఆ మనిషిని చూశారా?”

“చూడక్కర్లేదు. సబర్ వాయించేవాడికి సబబేం తెలుస్తుంది?”

“మొన్న మీటింగులో మీరే అన్నారుగా, ముగింపు ఎవరికిచ్చినా ఫర్లేదని?”

“అన్నాను.”

“మరి?”

“...వానకి జెంబే తోలు మెత్తబడింది.”

“హీటర్ దగ్గర పెట్టాం. గోరు తగిలితే కంగుమంటోంది.”

“భుజం పట్టేసింది.”

“పొద్దున్న వంటకి బియ్యం బస్తా మీరే మోసుకొచ్చారు బాబాయ్!”

“అందుకే పట్టేసింది!”

“ఇంకా ఏమేం పట్టేశాయో ఒకేసారి చెప్పండి, రాసుకుంటా.”

“రాసుకో. కార్యదర్శివి కదా, నీకు కార్యం కంటే రాత ఎక్కువ.”

“నన్ను తిట్టండి, ఫర్లేదు. కానీ మీరేగా చెప్పేవారు? కుర్రతనంలో సెనెగల్‌లోని డాకార్ వెళ్తే బస్టాండులోనే పట్టుకుని, ‘త్రావొరేవా? మా ఊళ్ళో నిన్ను జోప్ అంటాం, రా, అన్నం తిను’ అన్నారని. సరిహద్దు దాటితే ఇంటిపేరు మారుతుంది గానీ ఇల్లు మారదని.”

“అవన్నీ మాదూగాడు బతికున్నప్పటి మాటలు.”

“మాదూ బాబాయ్ ఉంటే ఇవాళ...”

“వాడి మాటెత్తకు. వెళ్ళు. షర్బతు పంపించు. ఎర్ర గోంగూర పువ్వుది. పంచదార ఎక్కువెయ్యమను.”

“కోపం ఒకపక్క, షర్బతు ఒకపక్కా?”

“గొడవ పోస్టర్‌తో. షర్బతుతో నాకేం పేచీ లేదు.”

“తలుపు తీస్తేగా లోపలికిచ్చేది!”

“అయితే వద్దు.”

“తప్పుకో అక్కా, నేను మాట్లాడతా.”

“అమ్మాయ్, నువ్వా! నువ్విక్కడికి రాకూడదు. ఆయన నీ మీదే...”

“ష్! నువ్వు పక్కనుండు.”

“కుంబా! ఎవరే అది? తాళం తియ్యమని నువ్వు గోల పెడుతుంటే, తలుపు మీద తాళం వేస్తున్నదెవరు? ఓ దెబ్బ కర్రలా, ఓ దెబ్బ చెయ్యిలా...”

“ఒరే త్రావొరే! అన్నం తెడ్డు నాకేవాడా! బయటికి రారా!”

“...ఏంటీ?”

“చెవుడా? పేరు చివరే ‘ఒరే’ ఉన్నవాణ్ణి గారూ అని ఎలా పిలవను? మా ఇంటి పాలేరువి, మా గుమ్మం ముందు చేతులు కట్టుకోవాల్సినవాడివి, గదిలో దూరి గడియేసుకుంటావా?”

“ఎవరివే నువ్వు?”

“జారాల ఇంటి పిల్లని.”

“ఏ జారాలు?”

“జారాలు ఎక్కడున్నా జారాలే. మా తాతలు మీ తాతల్ని తిట్టారు, నేను నిన్ను తిడుతున్నా. జారా తిడితే త్రావొరే కోపం తెచ్చుకోకూడదు. జారా అడిగితే త్రావొరే కాదనకూడదు. ఈ ఆచారం గుర్తుందా, అన్నంతో పాటు అదీ మింగేశావా?”

“గుర్తుంది, గుర్తుంది. జారా అంటే సింహమని మహా గొప్ప మీకు! మా ఇంటి పిల్లి తరిమితే చెట్టెక్కే సింహం!”

“ఎక్కుతాం. మీ త్రావొరేలు చెట్టు కింద కాసిన బొబ్బర్లు కూడా వదలరు కదా, పైనుంటేనే మాకు భద్రం.”

“పిలవని పెళ్ళికెళ్ళి ముందు పంక్తిలోకి మెల్లగా జారతారు. అందుకే మీకు జారాలని పేరు!”

“మేం జారేసరికి మీరు మూడో విస్తరిలో ఉంటారు. ఒరే, నీ జెంబేకి మేక తోలు, నీకు ఏనుగు తోలు. జెంబే చిన్నది, జంబం పెద్దది!”

“హహ్హహ్హ... జెంబే చిన్నది, జంబం... ఇంకోటి తిట్టు.”

“ఆఁ?”

“ఇంకోటి తిట్టవే అమ్మాయ్.”

“...మీరు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?”

“జారా పిల్ల త్రావొరేని ‘నవ్వుతున్నారా’ అనదు. ‘నవ్వుతున్నావట్రా’ అంటుంది.”

“నవ్వుతున్నావట్రా?”

“అదీ! ఇప్పుడు చెవుల్లో నూనె పోసినట్టుంది.”

“బాబాయ్, నేను కుంబాని. ఇంకా ఇరవై నిమిషాలే...”

“నువ్వుండవే. ఇదిగో అమ్మాయ్, మాదూ జారా అని ఒకడుండేవాడు. పాటగాడు. ఇరవై రెండేళ్ళు, నేను ఏ స్టేజీ ఎక్కినా మెట్ల దగ్గర నిలబడి వరసగా ఏడు తిట్లు తిట్టేవాడు. ‘వెళ్ళరా బొబ్బర్ల తిండిపోతూ, చచ్చిన మేకని ఇంకోసారి చంపిరా’ అని వీపు మీద చెయ్యేసి తోసేవాడు. వాడు తోస్తేనే నేనెక్కేది. ఈ చలికాలంలో పోయాడు. పెట్టెలో పెట్టి మా మాలీకి, బమాకో పంపించాం.”

“అయితే ఇవాళ మెట్ల దగ్గర తోసేవాడు లేడన్నమాట.”

“ఇవాళ పొద్దున్నుంచీ చూస్తున్నా. ‘మేష్టారూ దయచెయ్యండి’, ‘పెద్దవారు, మీరు కూర్చోండి’. ఎటు చూసినా గౌరవమే! ఈ ఊరి చలి కూడా నన్నింత వణికించలేదే. మధ్యాహ్నం మెట్లదాకా వెళ్ళాను. కాలు లేవలేదు. వచ్చి ఇందులో కూర్చున్నా.”

“అయితే పోస్టర్ గొడవ?”

“పోస్టర్ మీద నా పేరు చీమంత ఉంటే నాకేం, ఏనుగంత ఉంటే నాకేం? చదవడం వచ్చింది మాదూకి. నాకు కాదు.”

“అక్కా, నువ్వు కళ్ళు తుడుచుకో, ముందు ఆ కాగితాలు తడిసిపోతున్నాయి. ఒరే త్రావొరే, విను. జారా ఒకటి అడుగుతోంది.”

“అడుగు.”

“ముగింపు నువ్వూ ఎన్‌జాయ్ కలిసి వాయించాలి. జెంబే, సబర్, రెండూ ఒకేసారి.”

“ఇంకేదైనా అడుగు.”

“అదే అడుగుతున్నా. నాకిది మొదటి పెద్ద... వాళ్ళకిది మొదటి పెద్ద స్టేజీ. పెద్ద డోలు అలిగి గదిలో కూర్చుంటే చిన్న డోలు స్టేజీ మీద కులకడం మా వంశంలో లేదు. నువ్వెక్కకపోతే నేనూ... వాళ్ళూ ఎక్కరు. వెనక్కి వెళ్ళిపోదామని వ్యాను తాళాలు డ్రైవరు చేతికిచ్చేసి వచ్చా. వచ్చారు.”

“ఆ మీసం లేనివాడి పక్కన కూర్చుని వాయించమంటావ్?”

“మీసం లేదు. ఎప్పటికీ రాదు కూడా.”

“...ఊఁ. జారా అడిగితే కాదనకూడదు కదా. పాపిష్టి ఆచారం. సరే!”

“అమ్మయ్య! బాబాయ్, అసలీ పిల్ల ఎవరంటే...”

“ఆగక్కా, నేనే చెప్తా. ఒరే, మాలీ త్రావొరే డాకార్ వెళ్తే జోప్ అవుతాడు కదా. మరి మాలీ జారా డాకార్‌లో ఏమవుతుందిరా?”

“ఎన్‌జాయ్ అవుతుంది.”

“...తెలుసా?”

“బమాకో జారా తిట్టడం మొదలెడితే బొబ్బర్లతో మొదలెడుతుంది. అన్నంతో మొదలెట్టేది డాకార్ వాళ్ళే. పైగా తలుపు మీద కుడిచేత్తో కర్ర, ఎడమచేత్తో అరచెయ్యి! సబర్ వాళ్ళు తప్ప తలుపునలా ఎవరు వాయిస్తారు? ఒకటి మాత్రం నిజం, ఎడం చెయ్యి బావుంది.”

“మొదటి దెబ్బకే తెలిసిపోయి, ఇంతసేపు నా చేత తిట్టించుకుంటూ కూర్చున్నారా... కూర్చున్నావట్రా?”

“ఏడు తిట్లు పూర్తవ్వాలిగా. లెక్కపెట్టుకుంటున్నా.”

“అయ్యాయి! ఇంక గడియ తియ్యి!”

“ఏ గడియ? ఈ తలుపుకి గడియే లేదు. మధ్యాహ్నం నుంచీ అందరూ వచ్చి మర్యాదగా తట్టి నిలబడుతున్నారే గానీ, తోసినవాళ్ళు ఒక్కరు లేరు. నువ్వన్నా తొయ్యవే!”