తెగని ఎర్రదారం

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అది మీ అందరికీ తెలుసు," అంటూ మొదలుపెట్టాడు పడవ నడిపే సరంగు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, లైఫ్ జాకెట్ల మూటని దిండులా వీపు వెనక పెట్టుకున్నాడు.

ఆ మూట ఇప్పుడే టైలరమ్మ తెచ్చిచ్చింది. పాత జాకెట్లే, పై గుడ్డ మార్చి కుట్టింది; ఒక్కదానికి పని మిగిలితే అక్కడే కూర్చుని కానిస్తోంది. రేపు పొద్దున ఓనరు గారి షికారు పడవ మళ్ళీ సముద్రం మీదకి పోతుంది. పోయినసారి గాలివానకి చిక్కింది. అందరూ వచ్చారు, వంటాయన రాలేదు. ఇప్పుడు ఆ వంటాయన చోట్లో టైలరమ్మ మొగుడు ఎక్కుతున్నాడు. పడవలకి రంగులేసే మనిషి, పని దొరక్క గరిటె పట్టుకుంటానన్నాడు. వద్దని ఆమె ఎంత మొత్తుకున్నా ఒకటే మాట: "సరంగు గారు ఉన్నారుగా, ఇంకేం భయం?" ఇప్పుడు కూడా సరంగు ఎదురుగానే కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నాడు.

"ఆ రోజు నేను చేసిందల్లా ఒకటే. గాలి తిరుగుతోందని ముక్కుతో పసిగట్టి, తెరచాప దించమన్నాను. అంతే. అది ఎవడైనా చేస్తాడు. కాకపోతే దించడానికి పోయినవాడికి తాడు ముడి రాలేదు, నేను పళ్ళతో విప్పాల్సొచ్చింది. తాడంటే బట్టలారేసుకునే తాడనుకునేరు, నా తొడంత లావు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టీ బాబాయ్. ఎవరు ఏం చెప్పినా 'ఏమైంది' అనడం ఆయనకి అలవాటు. టీ వడపోస్తూనే అంటాడు.

"అల లేచింది బాబాయ్! మీరు ఒడ్డున నిలబడి చూసే అల కాదు. లేచి, ఇంకా లేచి, సూర్యుణ్ణే మూసేసింది. రాత్రయిందనుకుని గెస్టులు ఆవలించారు. తెరచాప కొయ్య ఫెళ్ళుమని విరిగింది. విరిగితే విరగనీ, నేను లేనూ? చాప తీసి భుజాలకి కట్టుకుని, కాళ్ళు పలకల్లోకి దిగేసి, కొయ్య చోట నేనే నిలబడ్డాను. గాలి నన్ను తోస్తోంది, నేను పడవని తోస్తున్నాను. కింద గదిలో ఓనరు గారు కాఫీ తాగుతున్నారు, చుక్క ఒలికితే ఒట్టు!"

"మరి చుక్కాని ఎవరు పట్టారండీ?" అన్నాడు పెయింటరు, పాపం నిజంగానే తెలుసుకుందామని.

"ఎడమ కాలితో నేనే తమ్ముడూ."

"కాళ్ళు పలకల్లో దిగేశానన్నావు?" అన్నాడు బాబాయ్.

"ఒకటే దిగేశానన్నానయ్యా, సరిగ్గా విను! కానీ తమ్ముడూ, అన్నిటికన్నా సేఫ్టీ ముఖ్యం. అంత గాలిలో కూడా ఒక్కొక్కరినీ పిలిచి నా చేత్తో జాకెట్ తొడిగాను. బకిల్ టక్కుమనే దాకా వదల్లేదు. గెస్టులకి, ఓనరు గారికి, ఇంజను చూసే ఆయనకి, వంటాయనకి, అందరికీ. చివరికి చూస్తే నాకు మిగల్లేదు. నేను ఉత్త బనీనుతో ఉన్నాను."

చివరి జాకెట్టుకి దారం వేస్తున్న టైలరమ్మ సూది ఆపి తలెత్తింది. మళ్ళీ దించుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"మమ్మల్ని కాపాడ్డానికి పెద్ద ఓడ వచ్చింది. వచ్చి అదే చిక్కుకుంది! మైకులో ఏడుపు, 'సరంగు గారూ, ముందు మమ్మల్ని కాపాడండి' అని. తాడు నడుముకి కట్టుకుని దూకాను. ముందు నేను, నా వెనక పడవ, దాని వెనక ఓడ, బడిపిల్లల్లా వరసగా వచ్చాం."

"మిమ్మల్ని చేపల బోటోళ్ళు లాక్కొచ్చారని విన్నానే?"

"వాళ్ళు దారి తెలీక నా వెనకే వచ్చారు బాబాయ్! మధ్యలో తిమింగలం అడ్డొచ్చింది. మర్యాదగా జరగమన్నాను. జరగలేదు. చెవి పట్టుకుని మెలేశాను."

"తిమింగలానికి చెవులెక్కడివి?"

"నేను మెలేశాక ఊడిపోయాయి. అప్పట్నుంచే లేవు!"

కొట్టంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా పెయింటరే నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ పెళ్ళాం వైపు చూశాడు, చూశావా ఎలాంటి మనిషో అన్నట్టు.

"మరి వంటాయన సంగతేంటన్నయ్యా?" అంది టైలరమ్మ.

సరంగు గొంతు తగ్గించాడు. "వాడి రాత చెల్లెమ్మా. నేను తొడిగిన జాకెట్టుని ఉక్కగా ఉందని వాడే విప్పి పారేశాడు. నీళ్ళలో చెయ్యి పట్టుకున్నాను. 'నన్నొదిలెయ్యన్నా, మిగతావాళ్ళని చూసుకో' అన్నాడు. అదే ఆఖరి మాట."

ఆమె లేచి వచ్చి, ఆయన వీపు వెనక మూటలోంచి ఒక జాకెట్ లాగింది. సరంగు వెనక్కి తూలాడు.

"కుట్టడం అయ్యాక రెండు బెల్టులూ కలిపి ఇలా ఎర్రదారం ఒక పోగు వేస్తాను అన్నయ్యా. చిక్కుపడకుండా. వేసుకునేవాళ్ళు ముందు దీన్ని తెంపాలి. తెంపకపోతే ఒంటి మీదకి ఎక్కదు."

"అయితే ఏంటట?"

"ఆ ట్రిప్పు ముందురోజు నేనే కొత్తవి కుట్టిచ్చాను. వచ్చాక, తడిసి గుడ్డ పాడైందని ఆ మూటే నాకు పంపావు. విప్పి చూస్తే నా దారాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వంటాయన పేరు రాసిందానికి కూడా."

"అన్నిటికీనా?" అన్నాడు బాబాయ్.

"ఒక్కటి తెగింది. దాని బెల్టు చివరిదాకా వదులు చేసి ఉంది."

ఆమె సరంగు పొట్ట వైపు చూడలేదు. మిగతా అందరూ చూశారు.

"దారప్పోగుకి సముద్రం గురించి ఏం తెలుసమ్మా!" అని సరంగు నవ్వాడు. కలిసి నవ్వినవాళ్ళు లేరు.

పెయింటరు పెళ్ళాం చేతిలోంచి జాకెట్ తీసుకున్నాడు. దారం పళ్ళతో తెంపి, వేసుకుని, బకిల్ పెట్టుకున్నాడు. టక్కుమంది.

"రేపు ఇది వేసుకునే వంట చేస్తాను సరంగు గారూ. పడుకున్నా ఇది విప్పను. సరేనా?"

"అదెలా కుదురుతుందయ్యా! గెస్టులు ఫోటోలు దిగేచోట ఈ నారింజ రంగు కనపడితే ఓనరు గారు ఊరుకుంటారా? అందుకేగా అన్నీ అలమరలో పెట్టి తాళం..."

అక్కడ ఆగిపోయాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అంది టైలరమ్మ.

సరంగు చెయ్యి ఆయనకి తెలియకుండానే చొక్కా జేబు మీదకి పోయింది.

పెయింటరు ఆ జేబునే చాలాసేపు చూశాడు. తర్వాత చల్లారిపోయిన టీ అలాగే వదిలేసి లేచాడు.

"జాకెట్ ఇచ్చెయ్యి, మనది కాదు అది," అంది ఆమె మెల్లగా.

"ఇస్తాలే. ఇంటిదాకా ఉండనీ."

ఎండలో, పొడి రోడ్డు మీద, లైఫ్ జాకెట్ వేసుకుని అతను నడిచాడు. పక్కన ఆమె. ఎదురొచ్చినవాళ్ళు నవ్వారు. వాళ్ళిద్దరూ తలెత్తలేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగి, సరంగు గొంతు సవరించుకున్నాడు.

"ఆడవాళ్ళ మాటలు పట్టించుకోకూడదు బాబాయ్. అసలు ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ బాబాయ్ వంచిన తల ఎత్తకుండా గ్లాసులు కడుగుతున్నాడు. ఏమైందని అడగలేదు.