బస్సుకి అడ్డం పడుకున్న అంకమ్మరావు

మిరపకోతలకి ఒక కాలం ఉంటుంది గానీ అంకమ్మరావు కోతలకి కాలం లేదు. అద్దంకి నుంచి ఒంగోలు పోయే దారిలో, జాన్ బాషా టీ బంకు ముందు బల్ల మీద కూర్చుని మూడో టీ తాగుతున్నాడు. కళ్ళు మాత్రం గ్లాసులో లేవు. రోడ్డుకి అవతల బస్సు షెల్టర్లో, సిమెంటు దిమ్మ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని అతని మేనత్త హనుమాయమ్మ కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. షెల్టరుకి కప్పు లేదు, నెత్తి మీద చైత్రమాసపు ఎండ.

పదిన్నర బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు లేదని ఎక్కలేదు. పదకొండుంబావు బస్సు వచ్చింది. జనం ఎక్కువని ఎక్కలేదు. ఇక పన్నెండున్నరకి ఇంకోటి ఉంది. మూడో బస్సుకి అత్త దగ్గర ఇంకో సాకు మిగిలి ఉందో లేదో అంకమ్మరావుకి తెలియదు.

అసలు తప్పు పొద్దున తొమ్మిదింటికి జరిగింది. ఉగాదికి చీమకుర్తి నుంచి వచ్చి, శ్రీరామనవమి దాకా ఉంటానన్న అత్త, నవమి రేపనగా వసారాలో కూర్చుని, "ఒరేయ్, నేనింక బయల్దేరతానురా" అంది. ఈ వైపు పెద్దవాళ్ళు బయల్దేరతానన్నారంటే బయల్దేరడానికి కాదు, 'మీకు నేనింకా బరువు కాలేదు కదా' అని అడగడానికి. దానికి జవాబు మూడుసార్లు చెప్పాలి. 'ఉండు' అనాలి, 'ఉండమంటుంటే' అనాలి, 'ఉండకపోతే నా మీద ఒట్టు' అనాలి. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు, కాబట్టే దీన్నించి ఎవరికీ మినహాయింపు లేదు.

ఆ సమయానికి అంకమ్మరావు చెవి దగ్గర ఫోను ఉంది. ఆకాశాన మబ్బు, కల్లంలో ఆరబోసిన మిరపకాయ, పట్టాలు కప్పుదామంటే కూలీలు లేరు. ఆ కంగారులో, "సరే అత్తా, పదిన్నరకి బస్సుంది" అన్నాడు. అని ఊరుకున్నాడా? సంచి బండి మీద పెట్టుకుని, అత్తని వెనక కూర్చోబెట్టుకుని, దగ్గరుండి షెల్టర్లో దింపి వచ్చాడు. తీరా మబ్బు ఒక్క చుక్క రాల్చకుండా తేలిపోయింది.

ఇంటి దగ్గర పెళ్ళాం సుబ్బరావమ్మ వాకిట్లోనే పట్టుకుంది.

"ఏమయ్యా, ఆవిడ వెళ్తానంటే నువ్వు బస్సు టైము చెప్పావా? ఏడేళ్ళవాడివి తల్లి పోయి ఏడుస్తుంటే చంకనేసుకుపోయి పెంచిన మనిషికి బస్సు టైము చెప్పావా? రేపు ఆవిడ చెయ్యి పడకుండా ఈ ఇంట్లో పానకం కలిపేది లేదు. తీసుకొస్తే రా. లేకపోతే నువ్వూ ఆ బస్సే ఎక్కు."

తీసుకురావడానికి దాటాల్సింది ఇరవై అడుగుల రోడ్డు. మాటలు కోటలు దాటించే మనిషికి కాలు తారురోడ్డు దాటడం లేదు. ఏ మొహం పెట్టుకుని దాటుతాడు? సంచి తనే మోశాడాయె. అందుకని తనకి చేతనైన పని మొదలెట్టాడు. అత్తకి కాస్త చెవుడు. గట్టిగా చెబితే వినపడుతుంది, వింటే కరుగుతుంది. బల్ల మీద పక్కనున్న బుల్లయ్య వైపు తిరిగి గొంతు పెంచాడు.

"పెద్దవాళ్ళని పండగలకి ఇంట్లో ఉంచుకోవడమంటే మాటలు కాదు బుల్లయ్యా. వచ్చినరోజే మా అత్త ఉక్కపోస్తోందిరా అంది. అంతే, కూలర్ పెట్టించా."

"పాతదేగా?" అన్నాడు ఆటో ఫిలిప్.

"పాతదేరా. కానీ దాంట్లో నేను నీళ్ళు పోశాననుకున్నావా? కొత్తపట్నం చేపల రేవు నుంచి ఐసు దిమ్మలు తెప్పించా, లారీడు! వాసన రాకుండా మల్లెపూలు, అదో లారీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటినిండా పొగమంచు! వసారాలోంచి వంటింట్లోకి పోవాలంటే టార్చిలైటు వేసుకుని పోయాం. మా గేదెకి ఆ గాలి తగిలి, పాలు పితికితే ఐసుక్రీము పడింది. వీధిలో పిల్లలు పుల్లలు పట్టుకుని దాని కింద వరస కట్టారు."

జాన్ బాషా టీ వడపోస్తూ పక్కకి తిరిగి నవ్వాడు. అంకమ్మరావు షెల్టర్ వైపు చూశాడు. అత్త కొంగు నెత్తి మీదికి లాక్కుంది. విన్నదా? ఎండా?

"మీ అత్త అక్కడెందుకు కూర్చుందిరా?" అన్నాడు బుల్లయ్య.

"గాలికి."

"పన్నెండింటికా?"

"ఐసు చలికి అలవాటు పడిపోయింది, మధ్యమధ్యలో కాస్త వెచ్చబడాలి కదా! నువ్వు విను ముందు. పళ్ళు లేవు, బొబ్బట్టు నమల్లేదు. నేనే పిండి పిసికా. ఎంత మెత్తగా కుదిరాయంటే, ఆకులో వేస్తే ఆగవే! ఫ్యాను గాలికి లేచిపోతున్నాయి. ఒక్కోదాని మీద తూకం రాయి పెట్టి వడ్డించా. ఒకటి కిటికీలోంచి పోనే పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం అద్దంకి నుంచి ఎవరో ఫోను. 'మీ బొబ్బట్టు మా ఆకులో పడిందండీ, నెయ్యి కాస్త తగ్గింది' అని!"

అతని కథలో 'నేను' అని వచ్చినచోటల్లా 'సుబ్బరావమ్మ' అని మార్చుకుంటే సగం నిజమవుతుంది. ఆ సంగతి బల్ల మీద అందరికీ తెలుసు. ఎవరూ మార్చలేదు. మొగాళ్ళ బల్ల కదా.

ఫోను మోగింది. ఇంటినుంచే. "తీసుకొస్తున్నావా?" అంది సుబ్బరావమ్మ. "ఆ… వస్తున్నాం" అన్నాడు. టైము చూశాడు. పన్నెండుంబావు.

"ఫిలిపూ, మా అత్తకి టీ ఇచ్చిరా."

ఫిలిప్ గ్లాసుతో రోడ్డు దాటాడు. గ్లాసుతోనే తిరిగొచ్చాడు.

"సంచి మోసిన చేతులకి గ్లాసు బరువైందా అని అడగమంది."

బల్లంతా ఘొల్లుమంది. అంకమ్మరావు ఆ టీ కూడా తనే తాగేశాడు, నాలిక కాలింది. గొంతు ఇంకో మెట్టు ఎక్కించాడు.

"వేళాకోళం మనిషి! మోకాళ్ళనొప్పులన్నీ పోయాక వేళాకోళం ఎక్కువైంది. ఎలా పోయాయి? నేను ఆముదం రాశా. నాలుగోరోజుకి చేతికర్ర పారేసింది. ఆరోరోజుకి కల్లంలోకొచ్చి, మిర్చి టిక్కీలు, అంతంత బస్తాలు, చెరో చంకన ఒకటి పెట్టుకుని లారీకెత్తింది. కూలీలు నా కాళ్ళ మీద పడి, మా పొట్ట కొట్టొద్దు బాబో అని ఏడ్చారు."

"అందుకేనా పొద్దున కూలీలు దొరక్క ఫోన్లు చేశావు?" అన్నాడు ఫిలిప్.

"అదే మరి! అలిగారు. ఈ సంగతి తెలిసి చుట్టుపక్కల ముసలాళ్ళందరూ ట్రాక్టర్లెక్కి వచ్చారు, మమ్మల్నీ ఉంచుకో నాయనా అని. టోకెన్లిచ్చి పంపా. ఉగాదినాడు పంచాంగం చదువుతూ పంతులుగారు నా రాశి దగ్గర ఆగిపోయారు. 'అంకమ్మరావు గారూ, ఈ ఏడాది మీకు అవమానం సున్నా అండి. మా తాతల నాటి నుంచి ఈ అంకె చూడలేదు' అని కళ్ళజోడు తుడుచుకున్నారు!"

బుల్లయ్య గ్లాసు కింద పెట్టాడు.

"అన్నీ బాగానే ఉన్నాయిరా. ఇంత చేస్తే, పండగ రేపు పెట్టుకుని ఆవిడ సంచితో సహా బయటెందుకుంది?"

మలుపులో హారన్ వినపడింది. ఇప్పుడు నిజం చెప్పాలి, లేదా ఇప్పటిదాకా చెప్పినవన్నీ కప్పేంత అబద్ధం చెప్పాలి. అలవాటున్న దారే పట్టాడు.

"ఎందుకా! నేను పోనివ్వకే! పొద్దున బయల్దేరతానంది. ఉండమన్నా. ఒక్కసారా? మూడొందలసార్లు! వినలేదు. పదిన్నర బస్సుకి అడ్డం పడుకున్నా. ముందు చక్రం పొట్ట మీద ఎక్కి ఆగింది. డ్రైవరు దిగి వలవలా ఏడ్చాడు. కండక్టరు టిక్కెట్లన్నీ చింపి గాల్లోకి విసిరాడు. నలభైమంది ప్రయాణికులు దిగి మా అత్త చుట్టూ చేరి…"

బస్సు వచ్చి షెల్టర్ ముందు ఆగింది. అడ్డం నిలబడింది. అత్త కనపడలేదు.

ఆ బస్సు రేకుల వెనక సంచి పైకి లేస్తోందా? కాలు మెట్టు మీద పడిందా? ఎనభై నాలుగేళ్ళు. ఇంకో నవమికి… అక్కడితో ఆలోచన తెగింది. అంకమ్మరావు పరిగెత్తాడు. ఒక చెప్పు బల్ల కిందే ఉండిపోయింది. కదలబోతున్న బస్సుకి ఎదురెళ్ళాడు. డ్రైవరు బ్రేకు తొక్కి, తల బయటపెట్టి, అతని వంశాన్నంతా పలకరించాడు.

అత్త ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని ఉంది.

"ఎవర్రా చక్రం కింద పడుకుంది?" అంది.

అతను రొప్పుతున్నాడు.

"నాకు చెవుడని అరిచావు కదూ. వినబుద్ధి కాక విననురా, వినపడక కాదు. ఆ కూలర్ రెండోరోజే కాలిపోయింది. విసనకర్ర పట్టుకుంది నీ పెళ్ళాం. బొబ్బట్లూ దాని చేతివే. నువ్వు చేసింది ఒక్కటే. నాకు కాలిగోళ్ళు అందవని, కింద కూర్చుని తీశావు. అంత కోతలు కోశావు, ఆ ఒక్కటీ చెప్పవేం?"

అది చెప్పుకునే సంగతని అతనికి తోచలేదు. తల దించుకుంటే అత్త పాదాలు కనపడ్డాయి.

"మూడొందలసార్లు ఉండమన్నావా?"

"లేదత్తా."

"మరెన్నిసార్లు?"

"అసలు అనలేదు."

"అమ్మా, ఎక్కుతారా లేదా?" అన్నాడు కండక్టరు.

"ఆగు నాయనా. వాడు చెప్పాలి."

అంకమ్మరావుకి నోట్లో తడి లేదు. గేదె పొదుగులోంచి ఐసుక్రీము పితికిన నోరు.

"ఉండత్తా," అన్నాడు.

"ఊఁ."

"ఉండమంటుంటే…" అన్నాడు.

మెట్టు మీది కాలు కిందికి దిగింది. బస్సు వెళ్ళిపోయింది. అత్త సంచి అతని చేతికిచ్చి, "మూడోది నీ పెళ్ళాం ముందు అందువుగాని, పద. నిన్ను ఒక్కణ్ణి నమ్మలేం, సాక్ష్యం ఉండాలి" అంటూ ముందు నడిచింది.

ఒంటి చెప్పుతో కుంటుతూ, సంచి భుజానేసుకుని బంకు ముందునించి పోతుంటే బుల్లయ్య కేకేశాడు.

"ఒరేయ్! ఎన్నిసార్లన్నావేంటి?"

"మూడొం…"

అత్త ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

"రెండేరా," అన్నాడు అంకమ్మరావు. "మూడోది ఇంటికెళ్ళి అనాలి."