ఆమోసు తప్పుల పుస్తకం

ఏమయ్యా సంజీవరావూ, మనవలొచ్చారు, పళ్ళు సగం ఊడిపోయాయి, నోరు మాత్రం ఇంకా అదుపులోకి రాలేదు నీకు. పోయిన ఆదివారం ఇదే మీ అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని మా తమ్ముణ్ణి ఏమన్నావు? పొగరుబోతన్నావు. పెద్దన్నని నడివీధిలో నిలబెట్టి అరటిపండు తినిపిస్తున్నాడు, ఎంత పొగరో చూడండన్నావు. వాడు కరెంటు స్తంభం దగ్గర ఉండగానే అన్నావు. నాకు వినపడింది. వాడికీ వినపడింది.

లేవకు, కూర్చో. ఆ పేపరు దించు. నాలుగింటికి ఇంకా అరగంట ఉంది. ఈలోపు నీకు బుద్ధి చెప్పకపోతే నా పేరు ఏసుపాదం కాదు.

నవ్వుతూ తిడుతున్నానేంటంటావా? అదేనయ్యా నా ఖర్మ. నెల్లాళ్ళ నుంచి ఇదే వరస. ఆటోనగర్ షెడ్డులో ముప్పై ఏళ్ళు ఫోర్‌మన్‌గా చేశాను, నా ముందు ఒక్కడు పళ్ళు బయటపెట్టాడా? అలాంటిది ఇప్పుడు స్నానం చేస్తుంటే నవ్వొస్తోంది, ప్రార్థనలో మోకరిస్తే నవ్వొస్తోంది. మొన్న మా ఆవిడ డాక్టరు దగ్గరికి పోదాం పదమంది. ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తేనే ఇలా అయ్యాను, ఇంకొకరు కూడానా అన్నాను.

అంతా మా మరదలు కృప వల్ల. ఆమోసు భార్య, ప్రైవేటాసుపత్రిలో నర్సు, తెలుసుగా నీకు. ఆ ఆసుపత్రికి నెలకోసారి బెంగుళూరులో చదువుకున్న డాక్టరమ్మ ఒకావిడ వస్తుంది. పిల్లల బుద్ధీ నడతా చూసే డాక్టరు. ఒకరోజు నర్సులందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. కొందరు పుట్టుకతోనే ఒక తీరుగా ఉంటారు, దాన్ని ఆటిజం అంటారు, ఇవిగో గుర్తులు అని. మొహంలోకి చూడరట. చెప్పిన మాట చెప్పినట్టే పట్టుకుంటారట, దాని వెనకాల ఉన్న మర్యాద అందదట. రోజూ అదే దారి, అదే వేళ. గరుకు బట్ట పడదు, పెద్ద చప్పుడు పడదు.

మిగతా నర్సులు రాసుకుంటున్నారు. మా కృప వేళ్ళు మడుస్తోంది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక ఫక్కున నవ్విందట. ఏంటమ్మా అంటే, "పిల్లలు కాదండీ, మా ఆయన. నలభై తొమ్మిదేళ్ళు. డీజిల్ పంపులు బాగుచేస్తాడు" అందట.

డాక్టరమ్మ నవ్వలేదు. పెద్దవాళ్ళలో చాలామంది ఉన్నారమ్మా, మొండివాడనో పొగరనో వదిలేస్తారు, తీసుకురా, చూద్దాం అంది. ఒకటే షరతు. చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చూసిన మనిషి కావాలి. పుట్టుకతో ఉన్నదో మధ్యలో వచ్చిందో అలాగే తేలుతుందట. అమ్మగాని నాన్నగాని ఉన్నారా అని అడిగింది.

మా నాన్న పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, నాకు పంతొమ్మిది. అమ్మ ఆదెమ్మ పోయి నాలుగేళ్ళు. ఇక మిగిలింది నేను.

కృప వచ్చి, "బావగారూ, మీరు సాక్ష్యం చెప్పాలి" అంది. నలభై తొమ్మిదేళ్ళవాడికి ఇప్పుడు పేరు పెట్టి ఏం చేస్తావమ్మా అన్నాను. "రోజూ పడుకునే ముందు నన్నడుగుతాడండీ, ఇవాళ నేనేం తప్పు చేశానని. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, ఒక్కరోజు మానలేదు. నాకు జవాబు కావాలి" అంది.

ఎందుకలా అడుగుతాడో ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు. చెబుతాను, తొందరపడకు.

నాన్న పోయాక ఇంటికి పెద్దని నేను. చదివింది ఎనిమిదో క్లాసు. బైబిలు, బెత్తం, గడియారం, ఈ మూడూ ఉంటే ఎవణ్ణయినా దారిలో పెట్టొచ్చని నా నమ్మకం. తమ్ముడి కోసం ఒక పుస్తకం పెట్టాను. సండేస్కూలు హాజరు పుస్తకమే, ఎర్రట్టది. తారీఖు, తప్పు, శిక్ష. ప్రతి శనివారం సాయంత్రం వాణ్ణి గోడకి నిలబెట్టి ఆ వారం తప్పులు చదివి వినిపించేవాణ్ణి. ఎప్పటిదాకా అనుకున్నావు? వాడికి పెళ్ళయి కానూరులో వేరు కాపురం పెట్టేదాకా. ముప్పై ఏళ్ళ మగవాడు గోడకి ఆనుకుని నిలబడి బుద్ధిగా వినేవాడు. అయినా పొగరుబోతే అనుకున్నాను చూడు, నా తెలివి అది.

ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను. సాక్ష్యమంటే రుజువుండాలిగా.

డాక్టరమ్మ అడుగుతోంది. మాటలెప్పుడొచ్చాయి, ఏదైనా కనపడితే వేలు పెట్టి చూపించేవాడా, తోటిపిల్లలతో కలిసేవాడా అని. నేను గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టాను. "పాస్టరు గారి ప్రసంగం ఇరవై రెండు నిమిషాలు ఎక్కువైందని పాస్టరు గారికే చెప్పాడు. రెండు దెబ్బలు." "క్రిస్మస్ కొత్తచొక్కా వేసుకోనని ఏడ్చాడు, కాలరు గీరుకుంటోందట. నాలుగు దెబ్బలు." "నాటకంలో గొర్రెల కాపరి వేషమిస్తే గొర్రెలేవని అడిగాడు. లేవంటే స్టేజీ దిగిపోయాడు. రాత్రి భోజనం లేదు." "గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ బడికి ఆలస్యం." ఇది అరవై ఏడుసార్లుంది. "పిలిస్తే మొహం చూడడు." ఇది రాసీ రాసీ విసుగొచ్చి, చివరికి "పై తప్పే" అని రాశాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. పుస్తకాన్ని రెండు చేతులా అందుకుంది. "ఏసుపాదం గారూ, చిన్నప్పటి సంగతులు తారీఖులతో సహా ఏ తల్లీ తెచ్చివ్వలేదండీ నాకు" అంది.

పొంగిపోయాను సంజీవరావూ. అబద్ధమెందుకు, ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. ఎనిమిదో క్లాసువాడు రాసిన పుస్తకం డాక్టరు చదువుకి పనికొచ్చింది. ఓ పావుగంట ఆ మత్తులోనే ఉన్నాను. తర్వాత మెల్లగా ఎక్కింది బుర్రకి, ఆవిడ వేలు పెట్టి చదువుతున్నది ఎవరి తప్పులో.

మూడుసార్లు తిప్పించుకుంది. వాడితో విడిగా, కృపతో విడిగా, నాతో విడిగా మాట్లాడింది. మధ్యలో నన్నూ ఒకసారి ఎగాదిగా చూసి, "మీరూ రోజూ నాలుగింటికే లేస్తారా? అదే కంచంలోనే తింటారా?" అంది. నాకు టైమయిందమ్మా అని లేచొచ్చేశాను. నవ్వకు.

ఆఖరిరోజు అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆమోసు గారూ, మీది ఆటిజమే, ఇది రోగం కాదు, మందు లేదు, మీరు పుట్టిన తీరే ఇది అని. వాడు బల్ల మీది పేపరువెయిట్ చూస్తూ, "అయితే పుస్తకంలోవి తప్పులు కావా?" అన్నాడు. కావండీ అంది. "అన్నీనా?" అన్నాడు.

పుస్తకం తీసుకున్నాడు, పెన్సిలడిగాడు. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే చదివి కొట్టేయడం మొదలెట్టాడు. బయట జనం గొణుగుతున్నారు. ఆవిడ ఆపలేదు. గంట పట్టింది. నాలుగొందల పన్నెండులో నాలుగొందల ఆరు కొట్టేశాడు. మరి ఈ ఆరూ అంటే, "ఇవి తప్పులే. పక్కింటి జామకాయలు దొంగిలించాను" అన్నాడు.

అప్పుడు పట్టుకుంది నన్ను ఈ నవ్వు. కృప నవ్వింది, డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వాడు మాత్రం ఆవిడ పెన్సిలు తీసి తన జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కృప ఫోన్ చేసింది. రాత్రి ఆ ప్రశ్న అడగకుండానే పడుకున్నాడు బావగారూ అని.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే.

ఆ నవ్వుల్లోనే డాక్టరమ్మ అంది, "అయితే ఈ ఆదివారం అన్నయ్య గారింట్లో విందన్నమాట" అని. వాడు, "నేను లోపలికి వెళ్ళను. స్తంభం దగ్గర ఉంటాను" అన్నాడు. ఎందుకండీ అంది. "అన్నయ్య గుమ్మం తొక్కొద్దన్నాడు. తర్వాత తొక్కమని చెప్పలేదు."

కోపంతో అనలేదయ్యా. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు. పదహారేళ్ళ సంగతి.

గుర్తుందా నీకు, తొంభై ఒకటిలో మా పెద్దమ్మాయి నిశ్చితార్థం? నువ్వూ ఆ పంక్తిలోనే ఉన్నావు. గుడివాడ నుంచి మగపెళ్ళివాళ్ళు నలభై మంది. కోడికూర గిన్నె ఆమోసు చేతికిచ్చాను. మన మర్యాద ఏంటి? పెద్దమనిషి వద్దు వద్దంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. వడ్డించేవాడు చేతి పక్కనుంచి రెండు ముక్కలు జారుస్తాడు. మళ్ళీ వద్దంటాడు, మళ్ళీ వేస్తాడు. అది ఎవరైనా నేర్పాలా? వీడు వద్దన్నవాణ్ణల్లా వదిలేసి ముందుకెళ్ళిపోయాడు. నలభై మందీ మర్యాదకి పోయి చారన్నంతో లేచారు. గిన్నెడు కూర గిన్నెడూ అలాగే ఉంది. పెళ్ళికొడుకు తండ్రి చెయ్యి కడుక్కుంటూ, "మీ కోడి అదృష్టవంతురాలండీ బావగారూ" అన్నాడు.

నువ్వు నవ్వావు ఆరోజు. నాకు తల తీసేసినట్టయింది. అందరి ముందూ వాణ్ణి పిలిచి, పొగరుబోతు వెధవా, ఇక నా గుమ్మం తొక్కకు అన్నాను. విన్నావా? ఆ మాట నాదే. వీధంతా నా దగ్గరే నేర్చుకుంది, నువ్వూ నా దగ్గరే నేర్చుకున్నావు. నేను నేర్పినదానికే ఇందాకట్నుంచి నిన్ను తిడుతున్నాను.

అమ్మ నా దగ్గరుండేది. ఆ తర్వాతి ఆదివారం సరిగ్గా నాలుగింటికి వాడొచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాడు, చేతిలో ఆరు చక్రకేళీలు. అమ్మ అరుగు దిగి తీసుకుంది. పన్నెండేళ్ళు అంతే, ఎండా వానా లేదు. నేను పంతం అనుకున్నాను. క్షమించమనడానికి నోరు రావడం లేదు వీడికి అనుకున్నాను. అమ్మ మంచం పట్టాక ఎనిమిది నెలలు కిటికీ ఊచల్లోంచి పళ్ళిచ్చాడు. లోపలికి రా నాయనా అంటే, "అన్నయ్య వద్దన్నాడమ్మా" అనేవాడు.

ఒకరోజు అమ్మ నన్ను పిలిచింది. "ఒక్కమాట రమ్మనరా, వచ్చేస్తాడు" అంది. వాడికి కాళ్ళు లేవా, నేను చెప్పాలా అన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు.

రెండువేల మూడులో పోయింది. పెట్టె గుమ్మం దాటి వీధిలోకొచ్చాకే వాడు అమ్మ మొహం దగ్గర్నుంచి చూశాడు. సమాధుల దొడ్డిలో జనం చెవులు కొరుక్కున్నారు, తల్లి చచ్చినా లోపలికి రాలేదు, ఎంత పొగరో అని. నేను విని ఊరుకున్నాను. తర్వాత కూడా ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు, పది నిమిషాలు నిలబడి ఆ పళ్ళు తిరిగి పట్టుకెళ్ళిపోయేవాడు. నేను కిటికీ మూసుకునేవాణ్ణి.

కాసిని మంచినీళ్ళివ్వు. ఏం లేదులే, నవ్వే, అడ్డం పడింది.

డాక్టరు చెప్పిన ఆ వారమే వీధిలోకి వెళ్ళి, "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానురా, లోపలికి రా" అన్నాను. వాడు స్తంభం మీద నంబరు చూస్తూ ఆలోచించాడు. "ఎందుకు? లోపల అమ్మ లేదుగా" అన్నాడు. దెప్పాడనుకోకు, వాడికి దెప్పడం రాదు. దెప్పి ఉంటే నేనూ నాలుగనేసి తేలికపడేవాణ్ణి.

నేనున్నానుగా అన్నాను. "నువ్విక్కడికి వచ్చావుగా" అన్నాడు.

సరే అని అక్కడే నిలబడ్డాను. సంచిలోంచి పండు తీసి చాపాడు. వీధిలో నిలబడి తినేవాళ్ళని నేనేమనేవాణ్ణో నీకు తెలుసు. మీ పెద్దాడి చేతిలో పకోడీల పొట్లం లాగి కాలవలో పారేసింది నేనేగా. వద్దులేరా అన్నాను. పండు సంచిలో పెట్టేసుకున్నాడు. రెండో ఆదివారం మళ్ళీ చాపాడు, నోటికి అలవాటైన ముక్కే వచ్చింది, వద్దులేరా. మళ్ళీ సంచిలోకి. ఆ గుడివాడ వాళ్ళ ఆకలి ఎలాంటిదో అప్పుడు తెలిసొచ్చింది.

మూడో ఆదివారం, నువ్వు చూసింది, నేనే అడిగాను. "నాకొక పండియ్యరా" అన్నాను. అరవై ఒక్కేళ్ళలో ఎవర్నీ ఏదీ అడిగినవాణ్ణి కాను, నాలిక మడతపడింది. వాడు వెంటనే వలిచి ఇచ్చాడు. నువ్వూ, పాలకొట్టు అమలమ్మా కళ్ళప్పగించి చూస్తుండగా తిన్నాను. తొక్క ఎక్కడ వెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

నాలుగైంది. అదుగో, ఒక్క నిమిషం అటూ ఇటూ కాడు. నువ్వూ రా, పొగరుబోతన్నవాడివి, ఎదురుగా నిలబడి ఒక పండు తిను. చాపినప్పుడే తీసుకో, మళ్ళీ అడగడు. అమ్మ కూడా నన్ను ఒక్కసారే అడిగింది.

మా తలుపు చూశావా? నెల్లాళ్ళుగా బార్లా తీసే పెట్టాను. వాడు రాడులే. ఇంత ఇల్లు పెట్టుకుని, వారం వారం వీధిలో నిలబడి పండు అడుక్కుని తినాలి నేను. ఎండ తగ్గింది, పద.