ఎబినేజర్ పాసైన కోర్సు

రేపల్లె బస్టాండు ఎదురు టీకొట్టులో ఎబినేజర్ గ్లాసు అందుకున్నాడంటే ఇక మేమెవరం కదలం. మా పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటో ఆయనదే. ఫోను చూస్తూ బండి నడపకూడదని ఆన్‌లైన్లో ఏదో కోర్సుందట, అది పాసైతేనే పిల్లల్ని ఎక్కించుకోమని బడివాళ్లు గట్టిగా చెప్పారు. ఆ పొద్దున ఆయన సర్టిఫికెట్ వచ్చిన ఫోను అందరి మొహాల ముందూ తిప్పుతున్నాడు.

“ఒక్క దెబ్బకి పాసయ్యానండి! ఒకావిడ పాఠం చెప్పుద్ది, మధ్యలో ప్రశ్నలేస్తది. ముందు లారీ, వెనక బస్సు, జేబులో ఫోను మోగింది, ఏం చేస్తావంది. కింద నాలుగు జవాబులు. నాలుగూ తప్పేనమ్మా, నేను చెబుతా విను అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ పాఠం ఆపేసి, ‘ఎబినేజర్ గారూ, కాస్త నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటాను’ అంది!”

“వీడియోలో ఆవిడకి నువ్వెలా వినపడ్డావు బాబాయ్?” అన్నాడు మధుబాబు.

“గొంతుండాలిరా. చర్చిలో మైకు లేకుండా పాడేవాణ్ణి. సరే, నా జవాబు విన్నాక వాళ్లు కోర్సంతా తిరగరాశారు. అది చూసి తెనాలి నుంచి ఇక్కడిదాకా ఒక్క డ్రైవరూ ఫోను ముట్టుకుంటే ఒట్టు! మాట్లాడేవాళ్లు లేక టవర్లన్నీ ఖాళీ, కొంగలు గూళ్లు పెట్టేసినయ్. నా ఆటో పెనుమూడి వంతెన ఎక్కిందంటే చాలు, అవతలి ఒడ్డున ఫోన్లు కూడా వాటంతటవే ఆగిపోతున్నయ్.”

“అబ్బో!” అంది టీ వడపోస్తున్న మంగాయమ్మ.

“అబ్బో కాదక్కా, అసలు సంగతి ఇంకా ఉంది. ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. బండి మీదున్నానుగా, ఎత్తలేదు. మళ్లీ చేశారు, ఎత్తలేదు. చేసేదిలేక హెలికాప్టరేసుకొచ్చి కొల్లూరు అరటితోటలో దిగారు. పెద్దాఫీసరు బూట్లు చేత్తో పట్టుకుని నా ఆటో పక్కనే పరుగు! ‘సార్, ఒక్క మాట’ అంటాడు. పిల్లలు దిగేదాకా పలకను పొమ్మన్నాను. బడి గేటు దాకా పరిగెత్తాడు పాపం!”

మేం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, పొన్నూరు బస్సు కోసం కూర్చున్న మాణిక్యాంబగారు నెమ్మదిగా అడిగారు.

“అంత పాఠం ఎక్కడ కూర్చుని విన్నావు ఎబినేజరూ?”

“కూర్చునే తీరికెక్కడిది పిన్నిగారూ! హ్యాండిల్ దగ్గర ఫోను తగిలించుకుని, బాపట్ల వెళ్తా వెళ్తా...”

అంతే, నాలిక కరుచుకున్నాడు.

కొట్టంతా ఒక్కసారిగా గొల్లుమంది. మంగాయమ్మ చేతిలో గిన్నె తొణికింది. మాణిక్యాంబగారు మాత్రం నవ్వలేదు.

“నీ బండెక్కేది నా మనవరాలు, నాయనా. సింధుకి నీ కబుర్లు వినకపోతే తెల్లారదు. నువ్వంటే మాకందరికీ ఇష్టమే. అందుకే అడుగుతున్నాను.”

ఎబినేజర్ తల దించుకున్నాడు. “తప్పేనండి,” అన్నాడు.

“అయితే ఇక్కడే కూర్చుని మొదట్నుంచీ విను. నా బస్సు పోతే పోనీ.”

మధుబాబు బల్ల మీద జరిగి చోటిచ్చాడు. మంగాయమ్మ స్టవ్ తగ్గించింది. ఎబినేజర్ కళ్లజోడు పెట్టుకుని వీడియో నొక్కాడు. తెర మీద ఆవిడ చేతులు జోడించి నమస్కారం చెప్పింది.

“నమస్కారమండి,” అన్నాడు ఎబినేజర్, బుద్ధిగా.