షీల్డు తిరిగిచ్చిన రోజు

ఏంటమ్మా సాహితీ, సండే స్కూల్ పిల్లలకి నిజాయితీ గురించి చెప్పాలా? దానికి ఇన్ని పుస్తకాలు ముందేసుకున్నావా! మీ అమ్మమ్మ సంగతి చెప్పు, చాలు. కుసుమకుమారి టీచరమ్మంటే రేపల్లెలో మా పేటంతా తెలుసు. ఇరవై రెండేళ్లు చర్చి వరండాలోనే పిల్లలకి పాఠం చెప్పింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రోడ్డు దాకా వినపడేది. నన్ను పిలిస్తే పక్కింటాయన పలికేవాడు... సరేలే, అదెందుకిప్పుడు.

అప్పుడు మీ అమ్మ హిమబిందుకి పదేళ్లు. బాపట్లలో బైబిలు వాక్యాలు చూడకుండా అప్పజెప్పే పోటీ పెట్టారు. పెనుమూడి నుంచి కూడా పిల్లలొచ్చారు. అంతకుముందు నెలరోజులు మీ అమ్మమ్మ అన్నం పెడుతూ కూడా "మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు" అనేది. వినీవినీ నాక్కూడా కంఠతా వచ్చేసింది. ఆ రోజు మీ అమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది కానీ, మధ్యలో ఒక వాక్యం ఎగిరిపోయింది. తీర్పు చెప్పేవాళ్లు గమనించలా. ఫస్టు ప్రైజు! ఇంత షీల్డు! అందరూ చప్పట్లు కొట్టారు, మీ అమ్మమ్మా కొట్టింది.

బయట పులిహోర పొట్లాలు పంచుతున్నారు. ఈవిడ ముట్టలా. "ఏవండీ, పిల్ల ఒకటి వదిలేసిందండీ. విని కూడా చప్పట్లు కొట్టాను" అంది. నేనేమన్నానో తెలుసా? చెప్పడానికే సిగ్గు. "ఎవరికీ తెలియలేదుగా, ఊరుకో" అన్నా. నా వంక ఒక్క చూపు చూసి, పిల్లని పక్కకి పిలిచింది. "బిందూ, ఒకటి వదిలేశావు, తెలుసా?" "తెలుసమ్మా." "మరి?" ఇహ ఏడుపు. "అందరూ నవ్వుతారమ్మా!" "నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు. నాది నేను చెప్తా. నీది నువ్వు చెప్పు. చెప్పకపోయినా కొట్టనులే" అంది. అంతేనమ్మా, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లలా. అక్కడే నిలబడింది. కాసేపటికి పిల్లే కొంగు పట్టుకుని "పదమ్మా" అంది.

లోపలికెళ్లి అడిగితే పాస్టరయ్యగారు మైకు ఇచ్చారు. "పాఠం చెప్పే మనిషిని. తప్పు విని కూడా, నా కూతురని ఊరుకున్నాను. క్షమించండి" అంది మీ అమ్మమ్మ. అంత గొంతూ వణికిందమ్మా! తర్వాత మీ అమ్మ "ఒక వాక్యం వదిలేశానండి" అని షీల్డు బల్లమీద పెట్టేసింది. అది సెకండొచ్చిన పెనుమూడి పిల్లకెళ్లింది. నా వెనకాల ఒకావిడ, "ఇదేం తల్లమ్మా, సొంత పిల్ల పరువు తీస్తుంది!" అంది. నేను వెనక్కి తిరిగి, "ఆవిడ నా భార్యండి. ఆ పిల్ల నా కూతురు" అన్నా. అంత గట్టిగా నేను జన్మలో మాట్లాడలా.

తిరుగు బస్సులో మీ అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఒకటే పాటలు. షీల్డు చేతికొచ్చినప్పుడు ఆ హుషారు లేదు మరి! మీ అమ్మమ్మ నా వైపు వంగి, "మేమిద్దరం చెప్పేశాం. మీది మిగిలింది" అంది మెల్లిగా.

ఆదివారం వెళ్లి, ఆ వరండాలో నలభైమంది పిల్లల ముందు నిలబడ్డా. "ఊరుకోమని చెప్పింది నేనేనర్రా" అన్నా. ఒక్కడూ నవ్వలా. మీ అమ్మమ్మ వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడి, నన్నే చూస్తూ... ఆ మొహం...

టీ పెట్టమ్మా. చక్కెర వెయ్యకు.