కంచుకోటలో ఎర్ర రిబ్బన్ కారు

పంతొమ్మిది వందల ఎనభై ఏడు, వేసవి మొదట్లో జరిగిన ఎన్నిక గురించేగా మీరొచ్చింది? అడగండి, నేనేం దాచలేదు. చూసి కూర్చోండి గిల్‌క్రిస్ట్ గారూ, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. మా ఇంటి ముందు గదే పార్టీ ఆఫీసు కదా, ఇంతకంటే మంచి కుర్చీ ఎక్కణ్ణించి వస్తుంది.

క్షమాపణ రాసిమ్మంటారు, లేకపోతే సభ్యత్వం తీసేస్తామంటారు. సరే. ముందు నా మాట వినండి.

ఎన్నికకి ముందు జిల్లా ఆఫీసు నుంచి మీరు పంపిన కాగితం చదివాను. మార్ల్‌ఫీల్డ్ పార్లమెంటు సీటు, దాని స్వరూప స్వభావాలు. ఎంత బాగా రాశారండీ. పొద్దున్నే లండన్ రైలెక్కే ఉద్యోగులు, సొంత ఇళ్ళు, నున్నగా కత్తిరించిన మొక్కల కంచెలు, గోల్ఫ్ మైదానాలు. నీలం పార్టీకి కంచుకోట. గాడిద మెడకి నీలం రిబ్బన్ కట్టి నిలబెట్టినా గెలుస్తుందన్న ముక్క మాత్రం రాయలేదు. మర్యాదస్తులు. ‘ఇక్కడ శ్రమ వృథా’ అని సరిపెట్టారు.

నేను రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ చేస్తున్నది అదే కదా. పేరు మాత్రం తెలియదు. చెప్పినందుకు సంతోషం.

దాని కిందే నాకు ఆజ్ఞ. పోలింగ్ రోజున కారుకి మన పార్టీ ఎర్ర రిబ్బన్ కట్టుకుని పక్క సీటు రెన్‌ఫోర్డ్‌కి పోవాలి. అక్కడ నువ్వా నేనా అన్నట్టుంది, రోజంతా మనవాళ్ళని ఇళ్ళ నుంచి పోలింగ్ బూత్‌కి చేర్చాలి.

పోలేదండీ. ఎదురింటి పిల్బీమ్ గారి కోసం ఆగిపోయాను.

అలా చూడకండి. అవును, ఆవిడ నీలం పార్టీయే. టీ చల్లారకుండా కెటిల్‌కి తొడిగే ఉన్నిటోపీ కూడా నీలమే.

భర్త పోయాక, ఓటు వేయడానికి కారు పంపమని వాళ్ళ పార్టీకే ఫోను చేసిందట. ‘ఎందుకమ్మా మీకు శ్రమ, ఎలాగూ మనమేగా గెలిచేది’ అన్నారట. కర్ర పట్టుకుని రోడ్డు దాటి వచ్చి నా తలుపు కొట్టింది.

“మిస్టర్ ట్విగ్, మీ పార్టీవాళ్ళు ముసలివాళ్ళని కారులో తీసుకెళ్తారట కదా?”

“మా ముసలివాళ్ళనండీ.”

“ముసలితనంలో కూడా మీదీ మాదీ ఉందా?”

మీరైతే ఏం చెప్పేవారు? మీరు జిల్లా కార్యదర్శి కాబట్టి ఏదో ఒకటి చెప్పేవారు. నేను ‘ఎన్నింటికి రమ్మంటారు’ అని అడిగాను.

అప్పట్నుంచీ ప్రతి ఎన్నికకీ అంతే. ముందు సీట్లో కూర్చోదు, నలుగురూ ఏమనుకుంటారని. వెనక కూర్చుని అద్దె కారు ఎక్కినట్టు బయటికి చూస్తుంది.

“మిస్టర్ ట్విగ్, ఆ ఎర్ర గుడ్డముక్క తీసేయరాదూ?”

“మీరు దిగిపోరాదూ?”

“సరే, పోనివ్వండి.”

ఆవిడ ఓటు వేస్తుంది, నేను వేస్తాను. రెండూ కొట్టేసుకుంటాయి. పెట్రోలు మాత్రం నాది. దిగేటప్పుడు, లెక్కింపు మొదలవకముందే, ‘మీ అభ్యర్థికి నా సానుభూతి’ అంటుంది.

ఈసారి ముందురోజే వెళ్ళి చెప్పాను, రెన్‌ఫోర్డ్ పొమ్మన్నారని. ఆవిడ అల్లిక ఆపలేదు.

“మావాళ్ళకి నా ఓటు అక్కర్లేదు. మీవాళ్ళకి ఇక్కడ మీదీ అక్కర్లేదు. మంచి జోడీయే.”

అల్లుతూనే మళ్ళీ అంది. “మా అమ్మకి నలభై దాటాక గానీ ఆడవాళ్ళకి ఓటు రాలేదు. మొదటిసారి వేసొచ్చి, టోపీ కూడా తీయకుండా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను ఒక్క ఎన్నికా మానలేదు. మీరు వెళ్ళండి, నేను నడిచి పోతాను.”

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు కాళ్ళకీ కట్లు. పోలింగ్ జరిగే బడి దాకా అంతా ఎత్తెక్కే రోడ్డు.

పొద్దున్నే వేయించేసి వెళ్ళొచ్చుగా అంటారా? కట్లు మార్చే నర్సు మధ్యాహ్నం దాటితే గానీ రాదండీ. బడి మెట్లు ఎక్కించి దించేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర నీలం రిబ్బన్ పెట్టుకున్న కుర్రాడు, “అయ్యో, పిల్బీమ్ గారూ, ఆ కారులోనా?” అని నోరు తెరిచాడు.

“మీ కారు ఎటు పోయిందో చెప్పు నాయనా, దాన్లోనే వస్తాను” అంది ఆవిడ. అక్కడ మాత్రం నాకు ఆవిడ పార్టీలో చేరాలనిపించింది. ఇది కూడా రాసుకోండి.

రెన్‌ఫోర్డ్‌లో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాం, తెలుసు. నా కారు నాలుగు తడవలు తిరిగుంటే సరిపోయేదంటారు. నిజమే కావచ్చు, కాదనను. అక్కడి మనవాళ్ళ ముఖం చూడలేక వాళ్ళ సభకి కూడా వెళ్ళలేదు. కానీ నాకు తెలిసిన మనిషిని వదిలేసి తెలియని మనుషులకి ప్రజాస్వామ్యం గురించి చెప్పడం నా వల్ల కాలేదు.

క్షమాపణ ఒక్క వాక్యం చాలంటారా? ఆ వాక్యం రాశాక వచ్చే ఎన్నికకి ఆవిడ మళ్ళీ వచ్చి తలుపు కొడితే ఏం చేయను? కొడుతుంది, ఆవిడ సంగతి మీకు తెలియదు. తీసుకెళ్తాను. అందుకని రాయను.

ఇదిగో నా సభ్యత్వం కార్డు. కిటికీలో పార్టీ బోర్డు మీరు వెళ్ళాక తీసేస్తాను.

మీ కాగితం ఒక్కచోట దిద్దుకోవాలి గిల్‌క్రిస్ట్ గారూ. మార్ల్‌ఫీల్డ్‌లో శ్రమ వృథా చేయడానికి ఇక మన పార్టీకి మనిషి లేడు.